అంగట్లో పెట్టి అమ్మిన తిట్టు

2008 ఏప్రిల్ 18న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో మొట్టమొదటి ఐపీఎల్ మ్యాచ్ జరిగింది. మన చిత్తూరోళ్లకు బెంగళూరేం కొత్త కాదు, పనికి పోయే దారే. మందు ప్రకటనలు వేయకూడదు గనక అక్కడి టీముకు విస్కీ పేరునే పెట్టినారు. ఆ తెలివి అట్లుంచుదాం. ఆ పొద్దు చిందులేయడానికి అమెరికా నుంచి ఆడపిల్లల్ని రప్పించినారు. వాళ్లది వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీము. దాని పేరు రెడ్‌స్కిన్స్. ఆ పిల్లల పొట్టి గుడ్డల మీద దేశమంతా రచ్చ చేసింది గానీ, ఆ పేరేందని అడిగినోళ్లు తక్కువ.

రెడ్‌స్కిన్ అంటే ఎర్రతోలోడు. అమెరికా ఆదివాసుల్ని తెల్లోళ్లు తిట్టే మాట. 1863లో మిన్నెసోటా రాష్ట్రంలో ఒక పేపరు, రెడ్‌స్కిన్‌ను చంపితే తలకు 200 డాలర్ల బహుమానం అని వేసింది. అదే మాట 1933లో టీము పేరైంది. చొక్కాల మీద, టోపీల మీద ఆదివాసి తలకాయ బొమ్మేసి అమ్ముకున్నారు. అమెరికాలో ఆట సగం, అంగడి సగం. 2025 సూపర్ బౌల్ నాడు టీవీలో 30 సెకన్ల ప్రకటన 80 లక్షల డాలర్ల దాకా పలికింది. మన లెక్కన దాదాపు 70 కోట్ల రూపాయలు. అంత పెద్ద సంతలో ఒక జాతి అవమానం కూడా సరుకే. ఇదే టీము నల్లవాళ్లను 1962 దాకా ఆటకు తీసుకోలేదు. స్టేడియం భూమి సర్కారుదని గట్టిగా చెప్పినాకే తీసుకుంది.

ఆదివాసులు ఊరుకోలేదు. 1968 నుంచే వాళ్ల సంఘాలు ఇట్లాంటి పేర్ల మీద పోరాడినాయి. 1992లో సుజాన్ హార్జో అనే ఆమె, ఇంకో ఆరుగురు కలిసి ఆ ట్రేడ్‌మార్కు రద్దు చేయమని అర్జీ పెట్టినారు. ఒక మెట్టు మీద గెలుపు, ఇంకో మెట్టు మీద ఓటమి. 2013లో టీము యజమాని పేరు మార్చేదే లేదన్నాడు. అది మేమిచ్చే గౌరవం అన్నాడు!

ఈ మాట యాడో విన్నట్లుంది కదా? మనకూ ఒక గౌరవం ఇచ్చినారు, హరిజన అని. 1938లో బొంబాయి శాసనసభలో ఆ మాటను చట్టంలో పెట్టబోతే అంబేద్కర్, ఆయన పార్టీ సభ్యులు లేచి బయటికి నడిచినారు. పేరు పెట్టేదీ వాళ్లే, అది గౌరవమా కాదా అని తేల్చేదీ వాళ్లే.

2016లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 504 మంది ఆదివాసులకు ఫోన్లు చేసి అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది మాకేం బాధ లేదన్నారంట. యజమాని దాన్నే పట్టుకుని ఊగినాడు. మన మనిషిని రెడ్డోరి అరుగు ముందర నిలబెట్టి, 'ఏమిరా, నిన్ను కులం పేరుతో పిలిస్తే బాధా?' అని అడగండి. ఏం లేదు సామీ అంటాడు. అందుకే 1989 చట్టం బాధితుడి మొహమాటాన్ని నమ్ముకోలేదు, నలుగురిలో అవమానించడాన్నే నేరం చేసింది.

చివరికి 2020లో తెల్ల పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినాక జనం రోడ్డెక్కినారు. స్టేడియానికి తన పేరు పెట్టించుకోవడానికి 20 కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకున్న ఫెడెక్స్ కంపెనీ, పేరు మార్చమని అడిగింది. నైకీ తన అంగట్లోంచి ఆ బట్టలు తీసేసింది. జులై 13న పేరు రద్దు. 87 ఏండ్ల గౌరవం రెండు వారాల్లో కరిగిపోయింది. గల్లాపెట్టె కదిలింది, అంతే. అయితే యాభై ఏండ్లు ఆ అర్జీలు, ఆ ఊరేగింపులు లేకుంటే కంపెనీలకు ఈ సంగతే తెలిసేది కాదు. 2025 జులైలో ట్రంప్ పాత పేరే పెట్టమని మళ్లీ మొదలుపెట్టినాడు. గెలిచినాక కూడా కాపలా కాయాల్సిందే.

మన సంగతికొద్దాం. 'హరిజన' మాట వాడొద్దని కేంద్రం 1982లోనే రాష్ట్రాలకు రాసింది. కులం పేరున్న వాడల పేర్లు మార్చాలని మహారాష్ట్ర 2020 డిసెంబరులో నిర్ణయించింది. పక్కనున్న తమిళనాడు 2025 ఏప్రిల్‌లో సర్కారు రికార్డుల్లోంచి 'కాలనీ' మాట తీసేస్తామంది. మన జిల్లాలో రోడ్డు పక్క బోర్డుల మీద, రేషను కార్డుల మీద 'హరిజనవాడ' ఇంకా ఎన్ని ఊళ్లలో ఉందో పూతలపట్టు మండలం నుంచే రాసుకొస్తాం. మీ ఊరి బోర్డు మీద ఏముందో చూసి, ఉన్నదున్నట్లు ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. ఏ పేరు కావాలో మీ వాడలోనే కూర్చుని మాట్లాడుకోండి, ఆడోళ్లను కూడా పిలవండి.