సూది ఎక్కడ గుచ్చినా ఒకటేనా?

ఆక్యుపంక్చర్ మాట ఎత్తితే చాలు, మన హాస్టల్లో రెండు పార్టీలు తయారవుతాయి. వేల ఏళ్ల విద్య ఊరికే నిలబడుతుందా అని ఒకరు, అంతా ప్లసీబో వదిలెయ్ అని ఇంకొకరు. నాకు రెండూ రుచించవు. ల్యాబ్‌లో రీడింగులు లేకుండా రికార్డు రాస్తే సార్ సంతకం పెడతారా?

రీడింగులు తీసినవాళ్లు ఉన్నారు. జర్మనీలో చాలాకాలంగా నడుం నొప్పితో బాధపడుతున్న 1162 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి చైనా వైద్యం చెప్పిన బిందువుల్లో సూదులు గుచ్చారు. రెండో గుంపుకి ఆ బిందువులు కాని చోట, పైపైన గుచ్చారు. ఎవరికి ఏ రకం పడిందో రోగులకి తెలియదు. మూడో గుంపుకి మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత మెరుగైనవాళ్లు వరసగా 47.6 శాతం, 44.2 శాతం, 27.4 శాతం. 2007లో అచ్చయిన ఫలితాలివి.

ఈ అంకెలు చూసి రెండు పార్టీలూ ఈల వేయొచ్చు. సూదులు మందుల్ని దాటేశాయి, నిజమే. కానీ మొదటి రెండు అంకెల మధ్య తేడా గణాంకాల పరీక్షకి నిలవలేదు. అంటే ఆ బిందువుల పటానికి పెద్ద విలువ లేదన్నమాట. ఇంకో మెలిక కూడా ఉంది. తమకి సూదులు పడలేదని మూడో గుంపుకి తెలుసు. మళ్లీ ఆ పాత వైద్యమేనా అన్న నిరాశ ఆ 27.4లో ఎంత కలిసిందో!

సరే, నొప్పికి మీటరు లేదు, మనిషి చెప్పిందే లెక్క. మీటరు ఉన్న జబ్బయితే?

2011లో బోస్టన్ పరిశోధకులు ఆస్తమా మీద ఈ పనే చేశారు. ఒకే రోగికి వేర్వేరు రోజుల్లో ఒకసారి అసలు ఇన్‌హేలర్, ఒకసారి మందు లేని ఇన్‌హేలర్, ఒకసారి గుచ్చుకోకుండానే గుచ్చినట్టనిపించే సూది, ఒకసారి ఏమీ ఇవ్వకపోవడం. ఎంత మెరుగయ్యిందని అడిగితే మొదటి మూడింటికీ దాదాపు ఒకే జవాబు: 50, 45, 46 శాతం. ఏమీ ఇవ్వని రోజు 21. తర్వాత స్పైరోమీటర్ రీడింగులు చూడండి. ఒక్క సెకనులో బయటికి ఊదగలిగే గాలి అసలు మందుతో 20 శాతం పెరిగింది. మిగతా మూడింటితోనూ ఏడు శాతం దగ్గరే ఆగింది. అంటే ఉత్తుత్తి సూదికీ, అసలేమీ ఇవ్వకపోవడానికీ ఊపిరితిత్తుల దృష్టిలో తేడా లేదు.

మా పెద్దమ్మకి ఆస్తమా. మోకాళ్ల నొప్పులకి ఒకచోట సూదులు వేయించుకుంటుంటే, ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, మానెయ్యమన్నారట. వారం రోజులు "హాయిగా ఉందిరా" అంటూనే ఉంది. ఎనిమిదో రోజు అర్ధరాత్రి ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం. ఆవిడ అబద్ధం చెప్పలేదు. హాయిగా ఉన్న మాటా నిజమే, లోపల గొట్టాలు బిగుసుకుపోతున్న మాటా నిజమే. మోకాళ్లకి ఇప్పటికీ సూదులకే వెళ్తోంది. నాకేం అభ్యంతరం లేదు. ఇన్‌హేలర్ మాత్రం హ్యాండ్‌బ్యాగులో ఉండాల్సిందే.

అలాగని పాత వైద్యమంతా చెత్త అనేవాళ్లతో నేను లేను. చైనాలో తు యూయూ మలేరియా మందు కోసం పాత గ్రంథాలు తిరగేసింది. నాలుగో శతాబ్దపు పుస్తకంలో ఆ మొక్కని నీళ్లలో నానబెట్టి పిండమని ఉంది, మరిగించమని లేదు. వేడికి మందు పాడవుతోందేమోనని అనుమానించి, ఈథర్‌తో తక్కువ వేడిలో తీసింది. ఆ దారిలోనే ఆర్టెమిసినిన్ దొరికింది, 2015లో నోబెల్ వచ్చింది. పుస్తకం పాతదని ఆవిడ తోసిపుచ్చలేదు, పాతది కాబట్టి నమ్మేయనూ లేదు.

మనకి దగ్గర్లోనే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ ఉంది. మృగశిర కార్తెకి ఆస్తమా కోసం చేప మందు మింగడానికి వేలమంది క్యూ కడతారు. వాళ్లలో ఒప్పుకున్నవాళ్లతో మింగే ముందు ఒకసారి, నెలకోసారి చొప్పున ఏడాదంతా పీక్ ఫ్లో మీటర్‌లో ఊదించాలి. ఇన్‌హేలర్లు ఎవరివీ ఆపకూడదు. వానలు పడి దుమ్ము తగ్గినా ఊపిరి తేలికపడొచ్చు కాబట్టి ముందూ వెనకా కొలిస్తే సరిపోదు, పోలికకి ఇంకో గుంపు కావాలి. కొర్రమీను అందరికీ, లోపలి మందు మాత్రం చీటీ వేసి సగం మందికి. శాకాహారులకి ఎలాగూ బెల్లంలో పెట్టి ఇస్తారు, వాళ్లకీ అదే లెక్క. మీటరు ఖరీదు మనం ఒక వీకెండ్ బిర్యానీకి పెట్టేదాని కంటే పెద్ద ఎక్కువేం కాదు.