నలుగురితో కలిసి నడుద్దాం

నడక ఆరోగ్యానికి మంచిదని తెలియనివారు నేడు మన ఇళ్లలో దాదాపుగా లేరు. డాక్టరు చెబుతారు, పిల్లలు గుర్తు చేస్తారు, కొత్త బూట్లు కూడా కొంటాము. రెండు వారాలు తిరక్కుండానే అవి గుమ్మం పక్కన దుమ్ము పట్టిపోతాయి. ఒంటరిగా మొదలైన నడక ఇలా ఆగిపోవడం ఇంటింటా చూస్తున్నదే.

పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట చురుకైన నడక. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనాల ప్రకారం మన దేశంలో పెద్దల్లో దాదాపు సగం మందికి ఈ మాత్రం కదలిక కూడా లేదు. వీరు పురుషుల్లో 42 శాతమైతే, స్త్రీలలో 57 శాతం. దేశంలో మధుమేహ బాధితులు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో వెల్లడించింది. మన వంటింటి బిర్యానీని, షీర్ ఖుర్మాను తలచుకుంటే ఈ లెక్కలు మనకు పరాయివి కావని తెలుస్తుంది.

బృందంగా నడిచేవారిపై జరిగిన 42 అధ్యయనాలను క్రోడీకరించి, 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఒక సమీక్ష ప్రచురించింది. వాటిలో పాల్గొన్న 1,843 మందిని పరిశీలిస్తే రక్తపోటు, ఒంటి కొవ్వు, మనసులోని కుంగుబాటు తగ్గినట్లు తేలింది. ఇందులోని మర్మం మస్జిదుకు వెళ్లేవారికి సులభంగానే అర్థమవుతుంది. జమాఅత్‌లో రోజూ కనిపించే మనిషి రెండు రోజులు రాకపోతే పక్కవారు క్షేమం కనుక్కుంటారు. తన కోసం ఎదురుచూసేవారు ఉన్నారన్న ఎరుకే మనిషిని పక్క మీద నుంచి లేపుతుంది.

హైదరాబాదులో దీనికి నిదర్శనాలున్నాయి. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ బృందం, ఎన్నడూ పరుగెత్తనివారిని సైతం వాలంటీర్ల తోడుతో మెల్లమెల్లగా ఐదు కిలోమీటర్ల పరుగుకు సిద్ధం చేస్తోంది. మీర్‌పేట్ కుటుంబాలు అంత దూరం ఆలోచించనక్కరలేదు. మీర్‌పేట్, జిల్లెలగూడ చెరువుల పరిసరాలు దగ్గరలోనే ఉన్నాయి. ఫజర్ నమాజు ముగించుకుని వచ్చే నలుగురు పెద్దలు తిన్నగా ఇంటికి వెళ్లక అరగంట కలిసి నడిస్తే చాలు, బృందం ఏర్పడినట్లే.

స్త్రీల విషయంలోనే అసలు చిక్కు. తెల్లవారుజామున సందుల్లో వీధికుక్కల భయం, మెడలో గొలుసు భయం, వింత చూపుల బెరుకు. వీటికి తోడు, ఇంత వయసు వచ్చాక బయటి నడక ఎందుకన్న ఇంటివారి మాట ఒకటి. ఒక్కరుగా దాటలేని ఈ గడపను ఇరుగుపొరుగు నలుగురు చేరితే దాటగలరు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర.అ)తో పరుగుపందెం వేసిన ఉదంతం అబూ దావూద్ హదీసు గ్రంథంలో నమోదై ఉంది. స్త్రీ వ్యాయామాన్ని చిన్నచూపు చూసేవారు దీన్ని స్మరించుకోవాలి. ఆ అరగంటసేపు పిల్లల టిఫిను, పాలగిన్నె భర్తలు, కొడుకులు చూసుకుంటేనే తల్లి గడప దాటగలదు. ఆమె నడక మొత్తం ఇంటి బాధ్యత.

బృందానికి కొన్ని మర్యాదలు అవసరం. వేళ, చోటు మారకూడదు. అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే అందరి వేగం కావాలి. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం చాలు. ఎవరి లావునూ, ఆయాసాన్నీ పరిహసించరాదు. గీబత్‌కు చోటివ్వరాదు, ఒంటికి మేలు చేసే నడక ఆత్మకు కీడు చేస్తే లాభమేమిటి? ఇన్సులిన్ లేదా చక్కెర తగ్గించే మాత్రలు వాడేవారు జేబులో కాస్త చక్కెర ఉంచుకోవాలి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే దాన్ని నోట్లో వేసుకోవాలి. ఛాతీలో నొప్పి వస్తే అక్కడే ఆగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఎవరైనా రాని రోజున ఫోను చేసి సలాం చెప్పి, క్షేమం కనుక్కోవాలి.

ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని కాపాడుకోవడానికి పక్కింటి తలుపు తట్టడంలో బిడియం అక్కరలేదు. ఈ వారమే ఒక్కరిని పిలుద్దాం. రేపు వారు మరొకరిని పిలుస్తారు, ఇన్షా అల్లాహ్.