‘ప్యూర్’ అన్నంత మాత్రాన

హైదరాబాద్ శివార్లలో కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా, అల్వాల్ నుంచి శామీర్‌పేట దాకా లేచిన కొత్త కాలనీల్లోకి ఎసెన్షియల్ ఆయిల్ సీసాలు బాగానే చేరాయి. నిద్రకు లావెండర్, జలుబుకు నీలగిరి, మొటిమలకు టీ ట్రీ. సీసాతో పాటు ఒక నమ్మకం కూడా ఇంట్లోకి వస్తోంది: నూనె నూటికి నూరుపాళ్లూ ప్యూర్ అయితే చాలు, మేలే తప్ప కీడు చెయ్యదు, ప్యూరో కాదో ముక్కే చెప్పేస్తుంది. ఈ నమ్మకానికి కాళ్లు లేవని నా వాదన.

ముందు ముక్కు సంగతి. నిమ్మగడ్డి నూనెలో దాదాపు 70 నుంచి 80 శాతం సిట్రాల్. ఆ వాసన దానిదే. వంద కిలోల పచ్చి గడ్డిని ఆవిరి పట్టిస్తే చేతికొచ్చే నూనె అటూ ఇటూగా అర కిలో. అదే సిట్రాల్‌ను రసాయన కర్మాగారాలు టన్నుల్లో తయారు చేస్తున్నాయి. దాన్ని కాస్త కలిపితే కొనేవాడి ముక్కు పసిగట్టలేదు. లావెండర్‌లో కలిపే కృత్రిమ లినలూల్ కూడా అంతే. ప్రయోగశాల యంత్రం మాత్రం పట్టేస్తుంది: అసలు లావెండర్‌లో లినలూల్ దాదాపుగా ఒకే రూపంలో ఉంటుంది, కర్మాగారం సరుకులో దాని కుడి ఎడమ రూపాలు సగం సగం ఉంటాయి.

ఇక కాగితం మీద చుక్క వేసి, మరక మిగలకపోతే అసలైనదని చెప్పే పరీక్ష. అది ఆముదమో కొబ్బరినూనో కలిపిన అమాయకపు మోసాన్ని పట్టుకుంటుంది. కృత్రిమ సిట్రాల్ అసలు నూనెలాగే ఆవిరైపోతుంది కాబట్టి దర్జాగా గట్టెక్కుతుంది. చందనం, వట్టివేరు వంటి బరువైన తైలాలు నెమ్మదిగా ఆరుతాయి, అసలైనవైనా జాడ వదులుతాయి. దొంగను వదిలి దొరను పట్టే పరీక్ష ఇది. ధర కూడా సగం సాక్ష్యమే. చందన తైలం నిమ్మగడ్డి ధరకు ఇస్తామంటే అబద్ధమని తేలిపోతుంది. ఎక్కువ ధర మాత్రం దేన్నీ రుజువు చెయ్యదు.

అసలు ‘ప్యూర్’ అంటే ఏది ప్యూర్? జామాయిల్ జాతులు వందల్లో ఉన్నాయి. జలుబుకు మనం వాడే నీలగిరి తైలం యూకలిప్టస్ గ్లోబ్యులస్ ఆకుది, అందులో ప్రధానం సినియోల్. సిట్రియోడోరా ఆకు నూనెలో ప్రధానం సిట్రోనెల్లాల్, అది నిమ్మవాసన కొడుతుంది, సబ్బులకు పనికొస్తుంది. రెండూ కల్తీ లేనివే, రెండింటి మీదా ‘యూకలిప్టస్ ఆయిల్’ అని రాయవచ్చు. ఒకటి అడిగి రెండోది కొన్నవాడికి స్వచ్ఛత ఏం ఒరగబెట్టినట్టు? మల్లె సంగతి మరీ చిత్రం. అది ఆవిరి వేడికి తట్టుకోదు. బజారులో దొరికే అసలు మల్లె సరుకు ద్రావణితో తీసిన ఆబ్సల్యూటో, కన్నౌజ్ వాళ్లు చందన తైలంలోకి పట్టే అత్తరో అయివుంటుంది. ‘ఆవిరితో తీసిన వంద శాతం మల్లె నూనె’ అన్న లేబుల్ తన గుట్టు తానే విప్పుకుంటోంది.

అన్నిటికన్నా ప్రమాదం, ప్యూర్ అయితే హాని లేదన్న మాట. ఉమ్మెత్త కూడా ప్రకృతి ఇచ్చిందే. స్వచ్ఛమైన నీలగిరి తైలం చెంచాడు లోపలికి పోతే చాలు, పసివాడికి ఫిట్స్ రావచ్చు. కర్పూరమూ అలాంటిదే, అయినా మన ఇళ్లలో దాన్ని కొబ్బరినూనెలో కాచి చంటిపిల్లల ఛాతీకి రాయడం మానలేదు. పిండి తీసిన నిమ్మతొక్క నూనె రాసుకుని ఎండలో తిరిగితే చర్మం కాలినట్టు కమలవచ్చు. మూత తెరిచి నెలల తరబడి ఉంచిన టీ ట్రీ నూనె గాలికి మారిపోయి ఎలర్జీ తేవచ్చు. ఇవన్నీ కల్తీ లేని నూనెలు చేసే పనులే.

‘థెరప్యూటిక్ గ్రేడ్’ అన్న మాటకూ బెదరక్కర్లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర గానీ అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దగ్గర గానీ అలాంటి గ్రేడ్ లేదు. అది అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు. 2014 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ యంగ్ లివింగ్, డోటెర్రా కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. వాటి అమ్మకందార్లు ఈ నూనెలను ఎబోలా వంటి జబ్బులకు మందుగా ప్రచారం చేయడమే కారణం.

అలాగని కల్తీదారులను వదిలేద్దామా, మామూలు మనిషి లాబొరేటరీ ఎక్కడ పెట్టుకుంటాడు అని అడగవచ్చు. పెట్టుకోనక్కర్లేదు, అమ్మేవాణ్ణి అడిగితే చాలు. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ. అక్కడ తయారైన టీకా ప్రతి బ్యాచ్ పరీక్షకు నిలిచాకే బయటికి వస్తుంది. ఇదే మేడ్చల్ జిల్లాలో, బోడుప్పల్‌లో, సుగంధ పంటల మీదే పనిచేసే సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది. ఇంత శాస్త్రం ఇరుగుపొరుగున పెట్టుకుని నూనెను ముక్కుతో కొంటున్నాం.

అడగవలసినవి ఇవి: మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి ఏ పద్ధతిలో తీశారు, ఎప్పుడు తీశారు, బ్యాచ్ నంబరు, ఆ బ్యాచ్‌లో ఏ పదార్థం ఎంత ఉందో చెప్పే గ్యాస్ క్రొమటోగ్రఫీ రిపోర్టు. రిపోర్టు మీది నంబరూ సీసా మీది నంబరూ ఒకటేనా చూడాలి. ఎవరిదో రిపోర్టు తెచ్చి చూపేవాళ్లూ ఉంటారు. అంకెలను ప్రమాణంతో పోల్చుకోవాలి. ఉదాహరణకు, ఐఎస్ఓ లెక్కన మన చందన తైలంలో ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం ఉండాలి. ఇవన్నీ సరిపోయినా దాన్ని నేరుగా ఒంటికి రాసుకోకూడదు, తాగకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు.

వీటికి జవాబు చెప్పలేని దుకాణదారు ‘వంద శాతం ప్యూర్ అండీ’ అంటే, ఆ మాటకు డబ్బు చెల్లించక్కర్లేదు. కమ్మటి వాసన ఒక్కటే కావాలంటే కుండీలో నాలుగు నిమ్మగడ్డి పిలకలు నాటుకోవచ్చు. వాటికి ఏ రిపోర్టూ అక్కర్లేదు.