రంగుల బొమ్మకి మార్కులు వేస్తున్నాం

ఈ మాట అంటే సిమ్యులేషన్ మిత్రులకి కోపం వస్తుంది. రానివ్వండి. మనలో చాలామంది చేస్తున్నది సిమ్యులేషన్ కాదు, రంగుల ముగ్గులు.

నేను కొన్నాళ్ళు చేసిన పనే చెప్తాను. థర్మల్ స్ప్రే అని ఒకటుంది. లోహపు పొడిని కరిగించి, సెకనుకి వంద మీటర్ల పైన వేగంతో పలక మీద చిమ్ముతారు. ఒక్కో చుక్క 20 నుంచి 50 మైక్రాన్లు, వెంట్రుక మందం కూడా ఉండదు. అది పడి, అప్పడంలా పరుచుకుని, మైక్రోసెకన్లలో గడ్డకట్టేస్తుంది. అలాంటి అప్పడాలు లక్షల్లో పేరిస్తే టర్బైన్ బ్లేడు మీద పూత. అప్పడం గుండ్రంగా వస్తే సరే, చిట్లితే పూత పట్టు పోతుంది. ఏది ఎప్పుడు వస్తుందో ముందే లెక్కేసి చెప్పడం మా పని.

కిటుకంతా కాంటాక్ట్ రెసిస్టెన్స్ అనే ఒక్క అంకెలో ఉంది. చుక్కలోంచి పలకలోకి వేడి దిగడానికి ఎంత అడ్డు ఉందో చెప్పేది అదే. మధ్యలో చిక్కుకున్న గాలి, తేమ, గరుకుదనం, పలక వేడి... వీటిని బట్టి అది వంద రెట్లు కూడా మారొచ్చు. మరి మేమేం చేసేవాళ్ళం? క్లయింట్ పంపిన ఫోటో పక్కన పెట్టుకుని, మా బొమ్మ అలాగే వచ్చేదాకా ఆ అంకె తిప్పేవాళ్ళం. వచ్చాక స్లైడు మీద "మోడల్ ప్రయోగంతో సరిపోయింది" అని రాసేవాళ్ళం. జవాబు చూసుకుని లెక్క వెనక్కి చేసినట్టు! ఇదేంటని అడిగితే లీడు గారు "డెలివరీ శుక్రవారం" అన్నారు. నేనూ తిప్పాను, అది కూడా ఒప్పుకుంటున్నా.

"అందరూ ట్యూన్ చేస్తారు బాబూ" అంటారా? టొరంటోలో సంజీవ్ చంద్ర, జవాద్ మొస్తగిమి బృందం 1998లో తగరం చుక్కల మీద వేసిన పేపరు చూడండి. వాళ్ళూ ఆ అంకెని ప్రయోగంతో సరిపోల్చే పట్టారు. కానీ దేంతో? పలక ఉష్ణోగ్రత కొలిచి, దాంతో. కాంటాక్ట్ యాంగిల్ మాత్రం ఫోటోల్లోంచి తీసుకున్నారు, ఆ సంగతి దాచకుండా రాశారు. ఆ తర్వాతే చుక్క పరుచుకున్న తీరుని ఫోటోలతో పోల్చారు. మనం దేన్ని చూసి సరిచేశామో మళ్ళీ దాంతోనే పోల్చి చప్పట్లు కొట్టుకుంటాం.

మొన్న సంక్రాంతికి మా కురుపాం వెళ్ళినప్పుడు బండి స్టాండు అతికించుకుందామని వెల్డింగు షాపు దగ్గర ఆగాను. ఎగిరిపడ్డ చుక్కలు కొన్ని రేకు మీంచి దొర్లిపోతున్నాయి, కొన్ని అతుక్కుపోతున్నాయి. ఎందుకలా అన్నాను. "రేకు సల్లగుంటే జారిపోతాది బాబూ. ఏడెక్కిందంటే ఇంక ఒగ్గదు" అన్నాడు. స్ప్రేలో జరిగేది అచ్చంగా ఇదే కాదు గానీ, అక్కడా పలక వేడి ఒక హద్దు దాటితే చిట్లే చుక్కలు గుండ్రటి అప్పడాలవుతాయి. మా ఫైల్లో పలక ఉష్ణోగ్రత ఎంతో తెలుసా? 300 కెల్విన్. క్లయింట్ చెప్పలేదు, మేం అడగలేదు, సాఫ్ట్‌వేర్లో డిఫాల్టుగా ఉన్నది అలాగే ఉంచేశాం. వెల్డింగు అతను మొదట చూసే విషయం మేం అసలు చూడనే లేదన్నమాట.

అన్నట్టు, డెటొనేషన్ స్ప్రే పూతల మీద పనిచేసే ఏఆర్‌సీఐ హైదరాబాదులోనే, బాలాపూర్‌లో ఉంది. మా టీములో ఒక్కడు కూడా అసలు పూత అనేది కళ్ళతో చూసినవాడు కాదు, నాతో సహా.

ఈసారి రివ్యూలో మీ ముందు ఇలాంటి బొమ్మ పెడితే, ఏ అంకె కొలిచారు, ఏ అంకె తిప్పారు అని అడగండి. నేను కొత్త టీములో అడిగాను. మీటింగు వచ్చే వారానికి వాయిదా పడింది :)