బొమ్మ సరే... పెట్టె ఏదీ?

దసరాకి మా అక్క కొడుకు కుప్పం నుంచి మదనపల్లెకి వచ్చాడు. బెంగళూరులో ఉద్యోగం. నెలకోసారి ఏదో ఒక బొమ్మ కారో, సినిమా హీరో బొమ్మో కొంటాడు. కొంటాడే గానీ విప్పడు. పెట్టెతో సహా బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. ఈసారి కొన్నది మాకు చూపించడానికని తెచ్చాడు. అద్దంలాంటి ప్లాస్టిక్ లోపల బొమ్మ, చుట్టూ రంగురంగుల అట్ట. మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

''ఏమిరా, దుడ్డు పెట్టి కొనింది ఆడుకునేదానికా, మూటగట్టి పెట్టేదానికా?''

''పెట్టె విప్పితే విలువ పడిపోతుంది అమ్మమ్మా!''

''అట్లయితే మా అమ్మ బొమ్మల విలువ ఎప్పుడో పడిపోయింది పో'' అంటూ అమ్మ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఎందుకో చెబుతాను.

పుంగనూరులో మా అవ్వకి దశావతారాల మట్టిబొమ్మల జత ఒకటి ఉండేది. దానికి ఒక చెక్కపెట్టె. లోపల పది గడులు, గడికో పాతపంచె ముక్క. విజయదశమి రాత్రి ఒక బొమ్మని పడుకోబెట్టడం, మర్నాడు అన్నిటినీ గుడ్డల్లో చుట్టి ఎవరి గడిలో వారిని పెట్టడం... ఆ పనికి పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. అవ్వ పోయాక ఆ బొమ్మలు అమ్మకి వచ్చాయి. మదనపల్లెకి తెచ్చుకోవాలి. పెట్టె చూస్తే బరువు, బస్సులో పట్టదు. ''బొమ్మలు ముఖ్యం గానీ పెట్టెదేముందమ్మా! టమోటా బాక్సులో గడ్డి వేసి పట్టుకుపోదాం'' అన్నది ఎవరో కాదు, నేనే. పెట్టె పుంగనూరులో మామయ్య ఇంటి అటక మీదే ఉండిపోయింది. తర్వాత అక్క కుప్పంలో కొలువు మొదలుపెట్టినప్పుడు నాలుగు బొమ్మలు అక్కడికి వెళ్లాయి.

ఈ దసరాకి అన్నిటినీ మళ్లీ ఒకే మెట్టు మీద చూడాలని అమ్మ కోరిక. అక్క నాలుగూ తెచ్చింది. వరుసగా పేర్చాం. లెక్కపెడితే తొమ్మిదే!

పోయింది ఎవరు? మత్స్యం నుంచి పరశురాముడి దాకా ఆరూ ఉన్నాయి. రాముడు, కృష్ణుడు, కల్కి ఉన్నారు. బలరాముడు పోయాడని అమ్మ. కాదు, బుద్ధుడని అక్క. రెండు రకాల వరుసలూ బజారులో ఉన్నవే కాబట్టి ఎవరి మాటా కొట్టిపారేయలేం. పదేళ్లు చూసిన బొమ్మ, పోయింది ఏదో కూడా చెప్పలేని స్థితి!

ఖాళీ పెట్టెకీ ఖరీదుంది

అట్టపెట్టెకి అంత మర్యాద ఎందుకని మనకు అనిపిస్తుంది. బొమ్మలు సేకరించేవాళ్ల లోకంలో మాత్రం పెట్టె అంటే బొమ్మ జన్మపత్రిక. ఏ కంపెనీది, ఏ జతలోది, వెంట ఏమేం రావాలి... అన్నీ దానిమీదే ఉంటాయి. అందుకే 1959లో వచ్చిన తొలి బార్బీ దగ్గర్నుంచి నిన్నటి బొమ్మకారు దాకా, విడి బొమ్మ కంటే పెట్టెతో ఉన్నదానికే గిరాకీ ఎక్కువ.

ఇందులో ఒక తమాషా కథ కూడా ఉంది. 1977లో 'స్టార్ వార్స్' సినిమా అమెరికాను ఊపేసింది. క్రిస్మస్ దగ్గరికొస్తోంది, బొమ్మలు చేయాల్సిన కెన్నర్ కంపెనీ దగ్గర బొమ్మలు తయారుగా లేవు. ఏం చేశారు? అట్టకవరు మాత్రం అమ్మారు! అందులోని కాగితం పోస్టులో పంపితే 1978లో నాలుగు బొమ్మలు ఇంటికి వస్తాయన్నారు. నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు, కొన్నవాళ్లు కొన్నారు. ఆనాటి ఆ అట్టను ఇప్పుడు సేకర్తలు అపురూపంగా వెతుక్కుంటున్నారు.

మన ఇళ్లలో బొమ్మల్ని ఎవరూ అమ్ముకోవడానికి దాచరు. అయినా పెట్టె చేసే పని ఒక్కటే: ఇది ఏమిటి, ఎక్కడిది, ఎన్ని ఉండాలి అన్నది బొమ్మతోపాటు మోసుకుపోవడం.

దించేది వానల్లోనే!

కోస్తా జిల్లాల్లో చాలా ఇళ్లలో బొమ్మల కొలువు సంక్రాంతికి. తమిళనాడు, కర్ణాటక పక్కనే ఉన్న మనవైపు దసరాకి. ఈ తేడా బొమ్మల ఆరోగ్యానికి చాలా పెద్దది. సంక్రాంతి బొమ్మలు పొడిగాలిలో పెట్టెలోకి వెళ్తాయి. దసరా బొమ్మలు వెళ్లేది మన దగ్గర వానలు పడే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. గాలిలో తేమ 65-70 శాతం దాటితే బూజుకు పండగే. విజయదశమి మర్నాడు ముసురు పట్టి ఉన్నా, ఆనవాయితీ కదా అని అన్నీ చుట్టి మూత పెట్టేస్తాం. ఆ తేమను కూడా బొమ్మతోపాటు ఏడాదికి సరిపడా దాచిపెట్టినట్టే.

జపాన్‌లో మార్చి 3న ఆడపిల్లల పండగకి మెట్లమీద రాజు, రాణి బొమ్మలు పేరుస్తారు. అచ్చం మన కొలువే. పండగయ్యాక తీయడం ఆలస్యమైతే అమ్మాయి పెళ్లి ఆలస్యమవుతుందని అక్కడి పెద్దల మాట. అయినా తీసేది మాత్రం ఎండ కాసిన పొడిరోజు చూసుకునే. పెట్టేది పౌలోనియా అనే తేలికైన చెక్కతో చేసిన పెట్టెల్లో. మనమూ అంతే చేద్దాం. దశమి మర్నాడు ఆనవాయితీకి ఒక బొమ్మను లోపల పెట్టండి. మిగతావాటికి రెండు మూడు రోజులు ఎండ కాసేదాకా ఆగండి. బొమ్మల్ని మాత్రం ఎండలో పెట్టొద్దు, రంగు వెలిసిపోతుంది. నీడలో గాలి తగిలితే చాలు. ఎండబెట్టాల్సింది పెట్టెనీ, గుడ్డల్నీ.

ఏ బొమ్మకి ఏ జాగ్రత్త?

మట్టిబొమ్మ: తడిగుడ్డతో తుడవద్దు, రంగు పొరలుగా లేచిపోతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. తలో, చెయ్యో పట్టుకుని ఎత్తకండి. మెడ దగ్గరే ముందు విరుగుతుంది. అడుగున ఒక చెయ్యి, నడుముకి ఒక చెయ్యి. బరువైనవి కింద, తేలికవి పైన.

కాగితపు గుజ్జు బొమ్మ: తేలిక కదా అని అశ్రద్ధ చేస్తాం. బొద్దింకలకీ, వెండి పురుగులకీ, చెదలకీ ఇష్టమైన తిండి ఇదే. గోడకి ఆనించకుండా, నేలమీద కాకుండా ఇటుకలమీదో బల్లమీదో పెట్టెను ఉంచండి.

కొండపల్లి బొమ్మ: తెల్లపొణికి కర్రతో ముక్కలు చెక్కి, చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తేమ తగిలితే దెబ్బతినేది ఆ అతుకులే.

చన్నపట్న, ఏటికొప్పాక లక్కబొమ్మలు: తిరిగే కర్రకి లక్కను ఒత్తిపట్టి, ఆ రాపిడి వేడికి కరిగించి రంగు ఎక్కిస్తారు. వేడితో ఎక్కిన రంగు వేడికే మెత్తబడుతుంది. రేకుల కప్పు కింద అటకమీద ఒకదానికొకటి ఆనించి పెడితే వేసవిలో అతుక్కుంటాయి. విడివిడిగా గుడ్డ చుట్టాలి.

ప్లాస్టిక్, రబ్బరు బొమ్మలు: సెల్స్ తీసేశాకే దాచండి, కారితే బొమ్మ పనికిరాదు. పాత మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు కొన్నేళ్లకి జిగురుగా మారతాయి. వాటిని బిగుతుగా కవరులో కట్టొద్దు, కాస్త గాలి ఆడనివ్వండి. నాఫ్తలీన్ గోళీలు కొన్నిరకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తాయి, దగ్గరికి రానివ్వకండి. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. వేపాకు వాడేట్టయితే బాగా ఎండినది, గుడ్డసంచిలో కట్టి ఒక మూలన పెట్టండి. పచ్చిఆకు వేస్తే తేమను మనమే పిలిచి కూర్చోబెట్టినట్టు. ఎండుగడ్డి కూడా అంతే. పురుగును వెంట తెస్తుంది. టమోటా బాక్సులో నేను చేసిన తప్పు అదే.

ఇక చుట్టే కాగితం. చెప్పడానికి కొంచెం మొహమాటమే గానీ, మీ చేతిలో ఉన్న ఈ పేపరు బొమ్మకి తగలకూడదు! న్యూస్‌ప్రింటులోని ఆమ్లం కాలం గడిచేకొద్దీ కాగితాన్ని పసుపు చేసి పెళుసుబారుస్తుంది. సిరా బొమ్మ మొహానికి అంటుకుంటుంది. ముందు ఉతికి ఆరేసిన పాత నూలుగుడ్డ చుట్టండి. ఆపైన పేపరు చుట్టినా ఫరవాలేదు. ఏ ఏడు కట్టిపెట్టామో తేదీ అయినా మిగులుతుంది.

అట్టపెట్టెలకూ నాలుగు మాటలు. ధర చీటీ పీకొద్దు. చిరిగిందని సెల్లోటేపు వేయొద్దు, పసుపుమరక వదలదు. రబ్బరుబ్యాండ్లు కరిగి అంటుకుంటాయి, పిన్నులు తుప్పుపడతాయి. నూలుదారంతో కట్టండి. అట్టని మడతపెట్టాల్సి వస్తే దాని మడతల దగ్గరే మడవండి. అసలు పెట్టె పోయిందా? మదనపల్లె ఇళ్లలో పట్టుచీరల అట్టపెట్టెలకు కరువేముంది! మూతమీద బొమ్మ పేరు, ఎక్కడ కొన్నది, ఏ ఏడు, ఎన్ని ఉండాలి... పెన్సిలుతో రాయండి. పది నిమిషాల పని.

ఎనిమిదో గడి

పండగయ్యాక పుంగనూరు వెళ్లాం. మామయ్య అటక ఎక్కి పెట్టె దించాడు. లోపల పాత తాళాలు, మేకులు. దుమ్ము తుడిచి మూత తిప్పితే, వెనకవైపు అవ్వ చేతిరాత. ఒకటి నుంచి పది దాకా పేర్లు. ఎనిమిది దగ్గర 'బలరాముడు'. కింద ''కంచిలో కొన్నవి''. అమ్మ ఆ అక్షరాలమీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. అవ్వ చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా మిగల్లేదు మరి. బరువని నేను వదిలేసి వచ్చింది దాన్నే!

ఈసారి పెట్టె కూడా మదనపల్లెకి వచ్చింది. ఎండ కాసిన రోజు చూసి, గడులకి కొత్తగా ఉతికిన పంచె ముక్కలు వేశాం. తొమ్మిది బొమ్మలూ వాటి ఇళ్లలో అవి కూర్చున్నాయి.

''ఇంకో బలరాముణ్ని కొనుక్కొస్తా అమ్మమ్మా'' అన్నాడు మా అక్క కొడుకు.

''కొనుక్కురా నాయనా. కొలువులో పెడదాం. ఈ గడిలో మాత్రం వద్దు. అది వాడిదే. కొత్తోడికి కొత్త పెట్టె చూడు'' అంది అమ్మ.

వాడు మారుమాట్లాడలేదు. ఒక చీటీ తీసుకుని 'బొమ్మలు 9. ఎనిమిదోది లేదు' అని రాసి, తేదీ వేసి, అవ్వ రాత పక్కన జిగురు పెట్టకుండా గడిలో మడిచి పెట్టాడు. పెట్టెల సంగతి వాడికి తెలిసినంత మాకెవరికీ తెలియదు కదా!