నొప్పి తగ్గింది కదా, మళ్లీ ఎందుకు పోవాలె?

మా అత్తమ్మది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లెటూరు. యాసంగిలో పల్లి పంట వేసే ఇల్లు. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె పొద్దుగూకగానే పల్లీలు వేయించి, కొంగులో పోసుకుని, అరుగు మీద కూర్చుని నములుతూ ఊరి ముచ్చట్లన్నీ చెప్పేది. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు కూడా వేయించింది. పిల్లల ముందు పళ్లెం పెట్టింది కానీ తను ఒక్క గింజ ముట్టలేదు. "నాకు నమలరాదు బిడ్డా, మీరు తినుండ్రి" అంది. జొన్నరొట్టె కూడా పప్పులో నానబెట్టుకునే తింటోంది.

ఆమెకు ఎడమవైపు దవడ పళ్లు ఎప్పుడో పోయాయి. కుడివైపు గట్టిగా ఉన్న ఒక్క పన్నుతోనే నెట్టుకొచ్చేది. రెండేళ్ల కింద ఆ పన్నూ పోయింది. అది పోవాల్సిన పన్ను కాదు. వైద్యం మొదలుపెట్టాక పోయిన పన్ను. అదే నా బాధ.

అప్పుడు నొప్పికి రెండు రాత్రులు నిద్ర లేకపోతే మా ఆయన పట్నంలో ఒక పండ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. డాక్టర్ చెయ్యి మంచిది, ఆ రోజే నొప్పి తీసేశాడు. తర్వాత చేతులు కడుక్కుంటూ మా ఆయనతో, "ఆర్‌సీటీ ఫస్ట్ సిట్టింగ్ అయిపోయింది సార్. నెక్స్ట్ వీక్ తీసుకురండి, కెనాల్స్ ఫిల్ చేసి క్యాప్ వేద్దాం" అన్నాడు. కుర్చీలో నోరు తెరిచి కూర్చున్న మనిషితో మాత్రం ఒక్క మాట లేదు. బయటికొచ్చాక అత్తమ్మ "ఏమన్నడు?" అని అడిగింది. "మళ్లీ రమ్మన్నాడమ్మా" అన్నారు మా ఆయన. అంతే. ఆ క్లినిక్ నుంచి ఆమెకు చేరిన సమాచారం మొత్తం ఆ రెండు మాటలే.

అవి పల్లి పీకే రోజులు. కూలీలు దొరకరు. వారం తర్వాత ఫోన్ చేస్తే, "నొప్పి తగ్గింది కదా, మళ్లీ ఎందుకు పోవాలె? పైసలు దండుగ" అంది. ఆ మాటలో తప్పేముంది చెప్పండి? తలనొప్పి తగ్గితే మనం మళ్లీ డాక్టర్ దగ్గరికి పోతామా? ఎండాకాలం వచ్చేసరికి చెంప పొంగి, కన్ను సగం మూసుకుపోయింది. షుగర్ కూడా ఉన్న మనిషి. ఆ పన్ను పీకక తప్పలేదు.

నాకు తర్వాత తెలిసింది. మొదటిరోజు పంటి లోపలి నరం తీసేస్తారు కాబట్టి నొప్పి ఆగుతుంది. పైన పెట్టే సిమెంటు తాత్కాలికం, కొన్ని వారాలకు మించి నిలవదు. అది అరిగితే క్రిములు మళ్లీ లోపలికి దిగుతాయి. నరం లేదు కనుక ఈసారి నొప్పి చెప్పదు, చీము పట్టాకే తెలుస్తుంది. ఇల్లు కురుస్తుంటే పైన తాటిపత్రి కప్పినట్టన్నమాట. వాన ఆగిందని కాదు, కప్పు వేసేదాకా ఆపారని. ఈ ఒక్క పోలిక ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే అత్తమ్మకు అర్థం కాదా? రేకుల ఇంట్లో నలభై వానాకాలాలు గడిపిన మనిషికి!

అత్తమ్మకు చదువు రాదు, అందుకే అర్థం కాలేదు అనుకునేవాళ్లకు నా సంగతి కూడా చెప్పాలి. నేను తెలుగు బీఏ చదివాను. నాకు జరిగింది ఇంతకంటే అన్యాయం.

మా చిన్నోడికి ఆరేళ్లప్పుడు గద్వాలలో మా అమ్మగారింట్లో ఉండగా చూశాను, కింది దవడలో చివరన ఒక కొత్త పన్ను. అమ్మ చూసింది, పిన్ని చూసింది. "పాల పన్నే, రాలిపోతది" అన్నారు. పన్ను ఏదీ ఊడకుండానే వచ్చింది కదా, నేనూ అలాగే అనుకున్నాను. మరుసటి ఏడు బడిలో పళ్ల పరీక్ష చేసి చీటీ పంపారు. దాని మీద ఇంగ్లిష్‌లో వాడి పేరు, "46" అనే అంకె, ఒక టిక్కు, కింద సంతకం. 46 అంటే ఏమిటి? పిల్లవాడికి నలభై ఆరు పళ్లుండవు కదా! చీటీని సొరుగులో పెట్టాను, మర్చిపోయాను.

నాలుగంటే నోటిలో కింది కుడివైపు భాగం, ఆరంటే మధ్య నుంచి లెక్కపెడితే ఆరో పన్ను. డాక్టర్లు తమలో తాము రాసుకునే లెక్క అది. ఆ పన్ను పాల పన్ను కాదు. పాల పళ్లు ఇరవయ్యే. ఆరేళ్ల ప్రాంతంలో వాటి వెనక, ఏ పన్నూ ఊడకుండా, నాలుగు మూలలా నాలుగు దవడ పళ్లు వస్తాయి. అవి శాశ్వతం, జీవితాంతం నమిలే పళ్లు. మన ఇళ్లలో ఎక్కువగా మోసపోయేది వీటి దగ్గరే. చీటీ మీద "మీ పిల్లవాడి శాశ్వత దవడ పన్ను పుచ్చుతోంది, నెలలోపు చూపించండి" అని తెలుగులో ఒక్క వాక్యం రాసి ఉంటే నేను ఆ వారమే పరుగెత్తేదాన్ని.

ఏడాది తర్వాత తీసుకెళ్తే డాక్టర్ లైట్ వేసి చూసి, "చదువుకున్నట్టున్నారు, పిల్లాడికి బ్రష్ చేయించలేరా అమ్మా?" అన్నాడు. వెయిటింగ్ హాల్లో ఉన్నవాళ్లందరూ తలెత్తారు. తల దించుకున్నాను. ఆ తర్వాత ఆయన ఏం చెప్పాడో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. అదే సమయంలో మా ఆయనకు మాత్రం ఖర్చు వివరాలు మర్యాదగా చెప్పాడు. ఇంట్లో పేస్ట్ కొనేది మేము, బిస్కెట్ చేతిలో పెట్టేది మేము, పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టేది మేము. తిట్లు మాకు, వివరం మగవాళ్లకు. తిట్టు సిగ్గుపడేట్టు చేస్తుంది, పని నేర్పదు.

ఇక మాటల సంగతి. గోడల నిండా ఇంగ్లిష్ పోస్టర్లు, తెల్లగా మెరిసే పళ్లతో విదేశీ నవ్వులు. ప్లేక్, కాల్‌క్యులస్, స్కేలింగ్. మన భాషలో వీటికి మాటలు లేవా? పొద్దున లేవగానే నోట్లో ఉండేది పాచి. దాన్ని తోమకుండా వదిలేస్తే గట్టిపడి గార అవుతుంది. బోరునీళ్ల బిందెకు అడుగున తెల్లగా గార పట్టడం చూడని ఆడమనిషి మన మూడు జిల్లాల్లో ఉంటుందా? బిందె గార వట్టి చెయ్యితో రుద్దితే పోదు, గీకాలి. పంటి గార కూడా బ్రష్‌తో పోదు, డాక్టరే గీకి తీయాలి. "స్కేలింగ్ చేయించండి" అనే బదులు "గార తీయించుకోండి" అంటే సగం భయం అక్కడే పోతుంది. గార తీయిస్తే పళ్లు వదులవుతాయని మా వీధిలో అందరూ నమ్ముతారు. నిజానికి గార వల్ల చిగురు అప్పటికే కిందికి జారి ఉంటుంది. అది తీసేసరికి సందులు బయటపడతాయి, అంతే. ఈ సంగతి ముందే చెబితే ఎవరూ భయపడరు. తర్వాత చెబితే సాకు అనుకుంటారు.

ఫ్లోరైడ్ మాట ఇంకా చిక్కు. నల్లగొండ కష్టాలు వింటూ పెరిగినవాళ్లం. మన పాలమూరు వైపు కూడా ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లు ఉండేవి. మనకు ఆ మాట వింటేనే వంకర కాళ్లు, పచ్చ పళ్లు గుర్తొస్తాయి. అలాంటి చోట "ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ వాడండి" అని ఒక్క ముక్క అనేసి పంపితే ఎలా? మా పక్కింటావిడ ఆ మాట వినే పేస్ట్ మానేసి, పిల్లలకు బొగ్గుపొడి మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు కడుపులోకి పోవడం వేరు, పంటి మీద కాసేపు ఉంచి ఉమ్మేసే పేస్ట్ వేరు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పేస్ట్‌లో ఉండేది పంటి పైపొరను గట్టి చేస్తుంది. మింగకూడదు కాబట్టే మూడేళ్లలోపు పిల్లలకు బియ్యం గింజంత, ఆరేళ్లదాకా బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్ పొడవునా పరిచే పేస్ట్ చూసి మనం మోసపోతున్నాం. గింజల కొలత మనకు చెప్పాలా? రోజూ చేతితో కొలిచేవాళ్లమే కదా.

డాక్టర్ల వైపు కూడా ఆలోచించాను. బయట ఇరవై మంది కూర్చుని ఉంటారు. ఎంత చెప్పినా వినరని వాళ్ల విసుగు. కానీ వినకపోవడం, వినబడకపోవడం ఒకటి కాదు. మా అత్తమ్మ షుగర్ గోలీ ఒక్కపూట తప్పించదు. ఏ ఏడు ఎన్ని బస్తాల పల్లి అమ్మిందో ఇప్పటికీ చెబుతుంది. అర్థమైన మాటను ఆమె మరవదు.

ఇది మన పట్నాల జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో దంతవైద్యులను రోగులకు వివరంగా చెప్పే 18 పద్ధతుల గురించి అడిగితే, వాళ్లు మామూలుగా వాడేవి సగటున ఏడేనని 2011లో అక్కడి దంతవైద్యుల సంఘం పత్రికలో వచ్చింది. అంత వసతులున్న చోటే అలా ఉంటే, నేర్పితే తప్ప రాని విద్య ఇది అన్నమాట.

వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. పోయినేడు వనపర్తిలో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి అత్తమ్మను తీసుకెళ్లాను. ఆమె ముందుగా "ఏం భయమైతుంది అవ్వా?" అని అడిగింది. "పన్ను పీకిస్తే చూపు పోతదంట కదా" అని అత్తమ్మ మనసులో మాట బయటపెట్టింది. ఇన్నేళ్లలో మాకెవరికీ చెప్పని మాట! డాక్టరమ్మ నవ్వలేదు. "కంటి నరం వేరు, పంటి నరం వేరు" అని తన ముఖం మీదే వేలితో గీసి చూపించింది. చిన్న అద్దం చేతికిచ్చి గార చూపించింది. చిగుళ్లు చెడితే షుగర్ అదుపు తప్పుతుందనీ, షుగర్ పెరిగితే చిగుళ్లు ఇంకా చెడతాయనీ చెప్పింది. ఖర్చెంత, ఎన్నిసార్లు రావాలో ముందే అంది. చివరికి, "ఇప్పుడు ఇంటికి పోయినంక పక్కింటామెకు ఏం చెప్తవో నాకు చెప్పు అవ్వా" అంది. అత్తమ్మ చెప్పింది. ఒకటి తప్పు చెబితే ఆమె దిద్దింది. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

2016లో మన మూడు పట్నాలూ జిల్లా కేంద్రాలయ్యాయి. తర్వాత మెడికల్ కాలేజీలూ వచ్చాయి. పండ్ల దవాఖానాలకూ కొదవ లేదు. కుర్చీలు, మిషన్లు వచ్చాయి. ఇక రావాల్సింది మాట. మన భాషలో ఒక చీటీ, కుర్చీలో ఉన్న మనిషితో సూటిగా రెండు మాటలు, చెప్పింది తిరిగి చెప్పించుకోవడం. వీటికి పైసా ఖర్చు లేదు.

మన వంతు కూడా ఉంది. మా ఆయనను ఆ రోజు నేనెందుకు అడగలేదు, "రాకపోతే ఏమవుతుంది?" అని? ఇప్పుడు మూడు ప్రశ్నలు అడగకుండా కుర్చీ దిగనివ్వను. ఈ రోజు ఏం చేశారు? ఇంకా ఏం మిగిలింది? రాకపోతే ఏమవుతుంది? అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను. విసుక్కుంటే విసుక్కోనీ.

అత్తమ్మ ఇప్పుడు పల్లీలు పొడి కొట్టుకుని తింటోంది. మొన్న వాళ్ల ఊళ్లో ఒకామె చెంపకు చెయ్యి పెట్టుకుని వచ్చి, పట్నంలో చూపించుకున్నాను, తగ్గింది, ఇక పోను అంటోంది. అత్తమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి అంది: "తగ్గినంకనే పోవాలె పిల్లా. తాటిపత్రి కప్పిండ్రు గంతే, కప్పు ఇంకా వెయ్యలే."