సున్నా వేరు, తెలియకపోవడం వేరు

పరీక్షా ఫలితాలు చూపే వెబ్‌పేజీ మీలో చాలామందికి పరిచయమే. హాల్ టికెట్ నంబరు ఇచ్చి బటన్ నొక్కుతాం. ఉత్తీర్ణులైన వారికి ఒక మాట, కానివారికి వేరొక మాట తెరపై వస్తుంది. పేజీ ఒక్కటే, కాని కనబడేది ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఇదెలా సాధ్యం?

పేజీని తయారుచేసేవారు అందులో షరతులు రాసి ఉంచుతారు. "ఇది నిజమైతే దీనిని చూపు, కాకపోతే దానిని చూపు" అన్నదే షరతు. బ్రౌజర్‌లో ఈ పనిని ఎక్కువగా జావాస్క్రిప్ట్ అనే భాషతో చేయిస్తారు. దీనిని 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించాడు. ఔను, కాదు అనే తర్కాన్ని బీజగణితంలా నడిపించవచ్చునని జార్జి బూల్ 1854లో ప్రచురించిన తన గ్రంథంలోనే వివరించాడు. నేటి షరతులకు ఆధారం అదే.

అయితే చిక్కంతా ఇక్కడే ఉంది. జావాస్క్రిప్ట్ షరతును పరీక్షించేటప్పుడు 0ను 'కాదు' కిందనే లెక్కిస్తుంది. విలువ ఇంకా రాలేదని తెలిపే గుర్తును కూడా 'కాదు' కిందనే లెక్కిస్తుంది. "మార్కులు ఉంటే చూపు, లేకపోతే 'ఫలితం లేదు' అని చూపు" అని రాశారనుకోండి. గణితంలో 0 వచ్చిన విద్యార్థికీ, మార్కులు సర్వర్ నుండి ఇంకా చేరని విద్యార్థికీ ఒకే వాక్యం కనబడుతుంది. మొదటి విద్యార్థికి ఫలితం ఉంది, అది 0. రెండవ విద్యార్థి ఫలితం ఇంకా తెలియదు. నూటికి 95 వచ్చి ఉండవచ్చు కూడా! ఇద్దరినీ ఒకే గాటన కట్టడం న్యాయమా?

సున్నా కూడా ఒక సంఖ్యే. దానితో కూడికలు, తీసివేతలు చేసే నియమాలను బ్రహ్మగుప్తుడు 628లోనే చెప్పాడు. వర్షమాపకంలో నీరు లేకపోతే పుస్తకంలో 0 అని రాస్తాం. ఆ రోజు అసలు కొలవకపోతే గడిని ఖాళీగా వదులుతాం. ఖాళీ గడిలో 0 రాస్తే నెల సగటే తప్పుతుంది. సైన్సు నోటుపుస్తకానికి వర్తించే ఈ నియమం వెబ్‌పేజీకి మాత్రం ఎందుకు వర్తించకూడదు?

"సమాచారం రావడానికి పట్టేది ఒకటి రెండు సెకన్లే, దానికింత చర్చ ఎందుకు?" అని కొందరు అనవచ్చు. సిగ్నల్ సరిగా అందని ఊళ్ళో ఆ రెండు సెకన్లు రెండు నిమిషాలవుతాయి. ఆలోగా 'ఫలితం లేదు' అన్న మాట చదివి బెంగపడే పిల్లవాడి సంగతి ఏమిటి?

కాబట్టి పేజీ రాసేవారు రెండు కాదు, నాలుగు పరిస్థితులను వేరువేరుగా చూపాలని నా అభిప్రాయం: సమాచారం వస్తోంది; వచ్చింది; వెతికాం, అలాంటి నంబరు లేదు; రావడంలో ఆటంకం కలిగింది. ఇందుకు నాలుగు వరుసలు ఎక్కువ రాయాలి, అంతే. తెలియనప్పుడు తెలియదని చెప్పడం విజ్ఞానశాస్త్రంలో మొదటి పాఠం. కంప్యూటర్‌కూ దానిని మనమే నేర్పాలి.

మీరూ ప్రయత్నించండి. మీ బడి గ్రంథాలయంలో ఒక పుస్తకం ప్రతులు ఎన్ని ఉన్నాయో చూపే పేజీకి కాగితంపై షరతులు రాయండి. ప్రతులు 3 ఉంటే ఏం చూపాలి? 0 అయితే? లెక్క ఇంకా అందకపోతే?